కాటన్ మాడబోయే ముందు

మా ఆయనకి ముక్కు పోయింది. అంటే మొహం మీద ముక్కు ఉంది, నిక్షేపంలా ఉంది. నేను ఆయన్ని చేసుకోవడానికి సగం కారణం ఆ ముక్కే. పోయింది లోపలి సంగతి. ఒక జ్వరం వచ్చింది, పోతూ పోతూ వాసనని వెంటబెట్టుకుపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్తే, "కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి అంత చదువు దేనికో నాకర్థం కాలేదు.

బస్సు నడిపేవాడికి వాసన పోతే ఏమవుతుంది? ఏమీ కాదు. బ్యాంకులో కూర్చునేవాడికి పోతే ఇంకా హాయి. మా ఆయన వంటవాడు. పెద్ద హోటల్లో గ్రిల్ దగ్గర నిలబడేవాడు. మాంసం ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు తియ్యాలో గాలి పీల్చి చెప్పేవాడు. పక్కవాడి పొయ్యి మీద ఏదైనా మాడబోతుంటే ఇటు తిరిగి ఉండి కూడా కనిపెట్టి కేకేసేవాడట. అలాంటి మనిషికి వాసన పోయిందంటే ఇంక మిగిలిందేమిటి?

హోటల్లో ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళు కంటితో, చేత్తో నెట్టుకొచ్చాడు. ఒకరోజు చెడిపోయిన చేపని కాల్చి, అందంగా పళ్ళెంలో సర్ది పంపాడు. పళ్ళెం తిరిగొచ్చింది. పెద్ద చెఫ్ దాన్ని ఆయన ముక్కు కింద పెట్టి, "ఏం వాసన?" అని అడిగాడట. మా ఆయన "నిమ్మకాయ" అన్నాడట. పళ్ళెంలో నిమ్మచెక్క కనబడుతోంది మరి. వంటింట్లో అందరూ చేతిలో పని ఆపి చూశారట. ఆ సాయంత్రం ఏప్రన్ అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాడు.

ఆ తర్వాత కిటికీ పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. పొద్దున నేను పనికి వెళ్ళేటప్పుడు ఎలా కూర్చున్నాడో, సాయంత్రం వచ్చేసరికి అలాగే. గడ్డం గీసుకోడు, ఫోనెత్తడు. ఒకసారి పొయ్యి మీద పాలు పెట్టి స్నానానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన, గిన్నె నల్లగా. ఈయన అక్కడే, అదే గదిలో. "పొగ కనబడ్డాక లేచానే" అన్నాడు. నాకు మామూలుగానే కోపం ముక్కు మీద ఉంటుంది. తిడదామని నోరు తెరిచి ఆయన మొహం చూసి మూసేశాను.

బట్టల యూనిట్లో, ఫినిషింగ్ సెక్షన్లో ఇస్త్రీ నా పని. జీతంతో ఇల్లు ఎలాగో గడిచిపోతోంది, దాని గురించి నాకు దిగుల్లేదు. నా బెంగంతా ఒక్కటే. ఈ మనిషి మళ్ళీ మంట ముందు నిలబడతాడా, లేక ఈ కిటికీ పక్కనే అయిపోతాడా?

గ్రిల్ కబురు మోసుకొచ్చింది మా వదిన, అంటే ఆయనకి అక్క. ఆవిడకి తెలియని కబురు ఉండదు, ఆవిడ ఇవ్వని సలహా ఉండదు. అంతకుముందు తమ్ముడి ముక్కులో వెచ్చటి ఉప్పునీళ్ళు పోయించింది, ఆవిరి పట్టించింది, ఏదో నూనె చుక్కలు వేయించింది. ముక్కు ఎర్రబడింది కానీ వాసన రాలేదు. "మా బిల్డింగులో ఒకాయన ఇల్లు మారుతున్నాడే. చిన్న గ్యాస్ గ్రిల్ అమ్మేస్తాడట. మడిస్తే సూట్‌కేసులా ఉంటుంది. తమ్ముడి చేతిలో ఏదో ఒకటి పెట్టకపోతే వాడికి పిచ్చెక్కుతుంది" అంది. ఆవిడ చెప్పిన వాటిల్లో నాకు నచ్చిన మాట అదొక్కటే.

ఆయన్ని తీసుకెళ్ళడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. "ముక్కు లేనివాడికి గ్రిల్ ఎందుకే" అంటాడు. "కొనొద్దు, చూసి చెప్పండి చాలు. నాకేం తెలుసు, రేకు ముక్క అంటగడతాడు" అన్నాను. చూసి చెప్పమంటే కాదనలేడు. చెప్పులేసుకున్నాడు.

అమ్మే ఆయన పిక్నిక్‌ల పిచ్చి ఉన్న మనిషి. బాల్కనీ నిండా మడత కుర్చీలు, మడత బల్లలు, చివరికి మడత బకెట్ కూడా. వెళ్ళబోయే ఇంటికి బాల్కనీ లేదని చెబుతూ దాదాపు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గ్రిల్ మీది గుడ్డ తీసి, "కొత్తదాని లెక్కేనండీ, ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళినప్పుడు తప్ప వాడలేదు" అని మొదలెట్టాడు. మా ఆయన వినడం లేదు. మోకాళ్ళ మీద కూర్చుని మూతెత్తాడు. ఊచల మీద వేలు పెట్టి ఈ చివర్నించి ఆ చివరికి రాశాడు. ఒక ఊచ దగ్గర ఆగి గోరుతో గీకి, "ఇది వంగింది" అన్నాడు. కాళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. పైపుని వేళ్ళ మధ్య నలిపి పగుళ్ళు వెతికాడు. తర్వాత వెలిగించి, చెవి దగ్గరగా పెట్టి బర్నర్ల చప్పుడు విన్నాడు. "ఎడమది కొంచెం దగ్గుతోంది. కన్నాలు శుభ్రం చేస్తే సరిపోతుంది" అన్నాడు.

ఎన్నాళ్ళయిందో ఆయన నోట్లోంచి అన్ని మాటలు విని. నేను మడత కుర్చీలో కూర్చుండిపోయాను.

"గ్యాస్ వాసన కూడా రాదు చూడండి" అన్నాడు అమ్మే ఆయన. మా ఆయన వంగి, ముక్కు దగ్గరగా పెట్టి, తల ఊపాడు. కానీ వెంటనే లేచి, "కొంచెం సబ్బు నీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాడు. నురగ తీసి పైపు అతుకుల మీద, రెగ్యులేటర్ మీద రాసి కళ్ళు చికిలించి చూశాడు. ఎక్కడా బుడగ లేవలేదు. "ముక్కు అబద్ధం చెబుతుంది కానీ సబ్బు చెప్పదు" అని నా వైపు చూసి నవ్వాడు. తన ముక్కు మీద తనే జోకేసుకోవడం అదే మొదటిసారి. బేరం కూడా ఆడకుండా కొనేశాను. వదిన ఇప్పటికీ దెప్పుతుంది.

గ్రిల్‌ని డాబా మీదికి చేర్చాం. వంగిన ఊచని సుత్తితో సరిచేశాడు, బర్నర్ కన్నాలు సూదితో పొడిచాడు. కోడి ముక్కలు పేర్చి మంట తగ్గించి, పట్టకారు పట్టుకుని నిలబడ్డాడు. బిగుసుకుపోయి నిలబడ్డాడు, పరీక్ష హాల్లో పిల్లాడిలా.

"ఏం వాసన వస్తోంది?" అన్నాడు.

"కోడి వాసన."

"కోడి వాసన అని నాకూ తెలుసు. ఎలాంటి వాసన?"

"బావుంది."

"అబ్బా! బావుంది అనేది వాసన కాదే. పచ్చి నీరు పోయే వాసనా? కొవ్వు కరిగే వాసనా? తోలు రంగు తిరిగే వాసనా?"

అవన్నీ నాకెక్కడివి? వంట చేస్తానే కానీ, ముక్కుతో ఇంత చదువు ఎప్పుడూ చదవలేదు. కళ్ళు మూసుకుని పీల్చాను. నాకు తెలిసిన వాసనలు ఇస్త్రీ టేబుల్ దగ్గరివే. "తడి బట్ట మీద ఇస్త్రీ పెట్టె పెట్టినట్టుంది" అన్నాను.

మా ఆయన ఆలోచించాడు. "ఆవిరి వాసన. అంటే నీరింకా ఉంది. ఇంకా?"

"ఇప్పుడు పొడి బట్ట. ఆరింది. వెచ్చటి పొడి బట్ట."

"ఊఁ. చెప్తూ ఉండు."

"ఇప్పుడు... కాటన్. కాటన్ మాడబోయే ముందు వస్తుందే, తియ్యగా, పెట్టె చటుక్కున ఎత్తేస్తాం చూడండీ, అది."

ఆయన చటుక్కున ముక్కలన్నీ తీసేశాడు. వేలితో నొక్కి చూసి, ఒక ముక్క చీల్చి నా నోట్లో పెట్టాడు. నేనేం చెబుతానా అని నా నోటి వైపే చూస్తున్నాడు. నాకు నములుతుంటే ఏడుపొచ్చింది. హోటల్ నించి అప్పుడప్పుడు కాగితంలో చుట్టి తెచ్చేవాడే, అచ్చం అదే. "అదేనండీ" అన్నాను. ఆయన డాబా పిట్టగోడ మీద చతికిలబడి పట్టకారు ఒళ్ళో పెట్టుకున్నాడు.

అలా మా దుకాణం మొదలైంది. బస్ డిపో వెనక వీధిలో, జిరాక్స్ షాపుకీ తాళాలు చేసే ఆయన పెట్టెకీ మధ్య కాస్త జాగా దొరికింది. మడత బల్ల మీద గ్రిల్, బల్ల కింద సిలిండర్. గాలికి మంట రెపరెపలాడుతోందని మా ఆయన బల్లకి మూడు వైపులా నేలదాకా రేకు బిగించాడు. కోడి, చేప, మొక్కజొన్న. నేను యూనిట్లో పని మానేశాను. వదిన "ఉన్నది కాస్తా ఊడగొట్టుకుంటున్నావే" అని ముక్కున వేలేసుకుంది.

నేను ఆయన ఎడమ పక్కన నిలబడేదాన్ని. "తడి బట్ట" అంటే ఇంకా ఉంచాలి. "పొడి బట్ట" అంటే తిప్పాలి. "కాటన్" అంటే తీసెయ్యాలి. కొనడానికి వచ్చినవాళ్ళు అది మా మొగుడూపెళ్ళాల మేలమనుకునేవాళ్ళు. తాళాలాయన నన్ను చెల్లెమ్మా అని, ఆ లెక్కన మా ఆయన్ని బావగారూ అని పిలిచేవాడు. "బావగారూ, మా చెల్లెలు కాటన్ అంది, ఇంకా చూస్తారేం" అని పెట్టె దగ్గర్నించే అరిచేవాడు. మా ఆయనకి ముక్కు లేదని మాత్రం అతనికీ తెలియదు, ఎవరికీ తెలియదు. వాసన తెలియని వాడు వండింది ఎవరు తింటారు? అది మా ఇద్దరి మధ్యే ఉంచుకున్నాం.

పొద్దున్నే నా ముక్కుకి డ్యూటీ ఉండేది. ముందు మాంసం, తర్వాత చేప, చివర్న వంగి సిలిండర్ అతుకు దగ్గర ఒకసారి పీల్చి "ఏం లేదు, వెలిగించండి" అనడం. మొదట్లో ఆయన సిలిండర్ మార్చినప్పుడల్లా సబ్బు నీళ్ళు రాసేవాడు. రానురాను అది మానేశాం. పక్కనే ముక్కు ఉండగా నురగ కలుపుకునే ఓపిక ఎవరికి?

ఆ రోజులు బావున్నాయి. ఉన్న మాట చెప్పాలి కదా. కాళ్ళు లాగేవి, జుట్టంతా పొగ కంపు. అయినా ఆయన పక్కన నిలబడి, ఆయన నా మాట కోసం చెవులు రిక్కించి ఉంటే, పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత శ్రద్ధగా నా మాట వినలేదని ఏడిపించేదాన్ని.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం మా యూనిట్ సూపర్‌వైజరమ్మ వెతుక్కుంటూ వచ్చింది. చేప తిని, వేళ్ళు తుడుచుకుని, "నేను వేరే ఊరు వెళ్ళిపోతున్నాను. ఫినిషింగ్ సెక్షన్ నీకిమ్మని చెప్పాను. వాళ్ళు సరే అన్నారు" అంది. ఆ సెక్షన్ ఇంచార్జి పని నాకెంత ఇష్టమో చెప్పలేను. అందరి టేబుళ్ళ మధ్య తిరుగుతూ, కాలర్ మడత చూసి ఇది మళ్ళీ చెయ్యి అనే పని. ఆ యూనిట్లో చేరిన రోజునించీ నా కళ్ళు ఆ కుర్చీ మీదే. "ఇప్పుడు కుదరదండీ, ఈయనకి సాయం ఉండాలి" అన్నాను. ఆవిడ మా ఆయన వైపు, చిన్న గ్రిల్ వైపు చూసి, దీనికి ఇద్దరెందుకన్నట్టు పెదవి విరిచింది. "ఆలోచించుకో" అని వెళ్ళిపోయింది.

మా ఆయన ముక్కలు తిప్పుకుంటున్నాడు. నేను పొడి బట్ట అనకుండానే తిప్పేశాడు.

కొన్నాళ్ళకి, పొద్దున్నే పుదీనా ఆకు తుంచుతూ చెయ్యి ఆపేశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఏమే" అన్నాడు. "వస్తోందే. పుదీనా. చల్లగా, ఇదిగో ఇక్కడిదాకా."

నేను అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. చున్నీతో కళ్ళకి గంతలు కట్టి కుర్చీలో కూర్చోబెట్టాను. వంటింట్లోకి వెళ్ళి, ఇంట్లో ఉన్నవాటిల్లోకల్లా ఘాటైనవి ఏరుకొచ్చాను. మెత్తటి వాసనలైతే తికమక పడొచ్చు, గట్టివైతే ఉందో లేదో తేలిపోతుందని నా తెలివి. కోసిన ఉల్లిపాయ పెట్టాను. "ఉల్లి" అన్నాడు. వెనిగర్ సీసా పెట్టాను. తల వెనక్కి లాగి "వెనిగర్" అన్నాడు. తలనొప్పి బామ్, దంచిన మిరియం, వెలిగించి ఆర్పిన అగ్గిపుల్ల. ఒక్కటీ తప్పలేదు. గంతలు విప్పితే కళ్ళనిండా నీళ్ళు. ఉల్లిపాయ వల్లనో, సంతోషం వల్లనో. నేనైతే గట్టిగానే ఏడ్చాను. వదినకి ఫోన్ చేస్తే, ఆ నూనె చుక్కలు తను వేయించినవేనని గుర్తు చేసింది.

"ఇంక నువ్వు యూనిట్‌కి వెళ్ళు" అన్నాడు ఆయన. "నా ముక్కు నాకొచ్చింది. నీ పని నువ్వు చేసుకో."

వెళ్ళాను. నా పేరు రాసిన కుర్చీ, మెడలో కొలత టేపు. పొద్దున నేను తయారవుతుంటే గుమ్మం దగ్గర నిలబడి లంచ్ బాక్సు అందించేవాడు. సాయంత్రం షిఫ్ట్ అయ్యాక దుకాణం మీదుగా వచ్చేదాన్ని. ఒక్కోసారి మాడిన వాసన తగిలేది. "ఏమండీ, కాటన్ దాటిపోయినట్టుంది" అంటే, "ఆయనకి కాస్త ఎక్కువ కాలాలట" అనేవాడు, కొనడానికొచ్చిన మనిషిని చూపించి నవ్వుతూ. ఎక్కువ కాలిందే ఇష్టమనే వాళ్ళు లేరా? ఉన్నారు. తాళాలాయన మాత్రం ముక్క తినడం మానేసి మొక్కజొన్న తినడం మొదలుపెట్టాడు. అడిగితే పళ్ళు నొప్పన్నాడు.

ఆ రోజు యూనిట్లో ఒక పెద్ద లోడు వెళ్ళాలి. టేబుళ్ళన్నీ ఆవిరి. తాళాలాయన ఫోన్ చేశాడు. "చెల్లెమ్మా, నువ్వు ఆస్పత్రికి వచ్చెయ్. బావగారు బాగానే ఉన్నారు, నువ్వు వచ్చెయ్." బాగానే ఉంటే ఆస్పత్రికి ఎందుకు రమ్మంటారు? మెడలో టేపుతోనే పరిగెత్తాను.

కొత్త సిలిండర్ బిగించాడట. రెగ్యులేటర్ లోపలి రబ్బరు వాషర్ అరిగిపోయిందట. గ్యాస్ గాలికి కొట్టుకుపోయేదే, కానీ మూడు వైపులా రేకు. బల్ల కింద నిండిపోయింది. ఆయన వంగి, రెండు చేతులూ అడ్డం పెట్టి వెలిగించాడు. వీధంతా ఉలిక్కిపడేంత చప్పుడట. కనుబొమ్మలు కాలాయి, మొహం కమిలింది, అవి మానతాయి. చేతులు మోచేతుల దాకా కాలిపోయాయి. అవే ఆయన్ని కాపాడాయని డాక్టరమ్మ చెప్పింది. మొహానికి తగలాల్సింది చేతులు తీసుకున్నాయట.

"ఈయనకి వాసన తెలియదా?" అని అడిగింది ఆవిడ.

"పోయిందండీ. మళ్ళీ వచ్చింది. నేనే పరీక్ష పెట్టాను" అన్నాను. ఏమేం పెట్టానో చెప్పాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఉల్లిపాయ, వెనిగర్, బామ్... ఇవన్నీ గుచ్చుకునేవి. మంటగానో చల్లగానో తగులుతాయి. వాసన పూర్తిగా పోయినవాళ్ళకీ ఆ గుచ్చుకోవడం తెలుస్తుంది. గుచ్చుకునే తీరుని బట్టి వంటవాడు పేరు కూడా చెప్పెయ్యగలడు. గ్యాస్ అలా గుచ్చుకోదమ్మా. కాఫీ గింజలో, అరటిపండో పెట్టి ఉంటే తెలిసిపోయేది."

అరటిపళ్ళు మా వంటింట్లో ఆ రోజు గూట్లోనే ఉన్నాయి. చెయ్యి వాటి పక్కనించే వెళ్ళి మిరియాల డబ్బా అందుకుంది. ఉల్లిపాయ మీద, మిరియాల మీద, లోకంలో ఘాటుగా ఉన్న ప్రతిదాని మీదా నాకు అసహ్యం పుట్టింది.

వరండాలో తాళాలాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అతని చొక్కా చేతులు కూడా కాలాయి, మా ఆయన మీద గోనె కప్పింది అతనే. నన్ను చూసి లేచాడు కానీ కళ్ళలోకి చూడలేదు.

"నేను అరిచాను చెల్లెమ్మా. అరవలేదనుకోకు. బావగారూ, గ్యాస్ గుప్పుమంటోంది అన్నాను. జిరాక్స్ షాపావిడ కూడా బయటికొచ్చి చెప్పింది."

"మరి?"

"ఆయన నవ్వాడు. వంగి గట్టిగా గాలి పీల్చాడు. 'నాకూ వస్తోంది, సిలిండర్ మార్చినప్పుడు ఆమాత్రం వస్తుంది' అన్నాడు. ఇంకోసారి పీల్చి, 'ఇదిగో, పోయింది' అన్నాడు. మాకింకా వస్తూనే ఉంది. కానీ ఆయన చేసే పనే అది కదా, మనకన్నా ఆయనకి బాగా తెలుస్తుందిలే అనుకున్నాం."

అతనికి అప్పుడు చెప్పాను, మొదట్నించీ జరిగింది. అతను మళ్ళీ బెంచీ మీద కూర్చుని, చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

లోపలికి వెళ్ళాను. మా ఆయన రెండు చేతులూ తెల్లటి మూటలయ్యి దిండ్ల మీద ఉన్నాయి. నాకు జాలి రావాలి. ఒళ్ళు మండిపోయింది.

"ఎప్పట్నించి తెలుసు మీకు?" అన్నాను.

ఆయన అబద్ధమాడలేదు. "పుదీనా రోజు నిజంగానే వచ్చిందనుకున్నానే. చల్లగా తగిలింది. అదే వాసన అనుకున్నా. నువ్వు పెట్టినవన్నీ కూడా తగిలాయి. తర్వాత నువ్వు వెళ్ళాక, మంట దగ్గర ఏమీ రావట్లేదని తెలిసింది."

"తెలిస్తే చెప్పాలా వద్దా? నేను మళ్ళీ వచ్చి నిలబడేదాన్నిగా!"

"నిలబడతావని తెలిసే చెప్పలేదు. పొద్దున్నే మెడలో టేపు వేసుకుని వెళ్తుంటే చూడ్డానికి బావుండేది."

బావుండేదట. మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను.

"సరే, నాకు చెప్పలేదు. వాళ్ళు అరిచి చెబుతుంటే? నాకూ వస్తోందని ఎలా అన్నారండీ? నాకు తెలియదు, మీరే వచ్చి చూడండి అనలేకపోయారా?"

ఆయన పెదాలు పగిలి ఉన్నాయి, మాట మెల్లగా వచ్చింది. "పెద్ద చెఫ్ అడిగినప్పుడు చూశారే అందరూ, అలా చూస్తారని... మళ్ళీ ఆ చూపులు పడటం నావల్ల కాదు." మొహం నా వైపు తిప్పి, "వస్తోంది అన్నాక, నిజంగా వచ్చినట్టే ఉందే. నిజం. ఎంతో కాలానికి గ్యాస్ వాసన తెలిసిందని పొంగిపోయాను" అన్నాడు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. పోయినచోట ఏమీ మిగల్లేదు.

గాయాలు మానాక కూడా వేళ్ళు వంగిపోయే ఉంటాయని, కొత్త చర్మానికి వేడీ చల్లదనం తెలియవని డాక్టరమ్మ తలుపు దగ్గరే చెప్పింది. గొంతేమీ తగ్గించలేదు. ఆయన వినే ఉంటాడు. దాని గురించి ఆయన అడగలేదు, నేను ఎత్తలేదు. వదిన వచ్చి ఏడ్చింది, ఇంకో డాక్టరు పేరు చెప్పింది, వెళ్ళింది. గ్రిల్ ఏమైందని కూడా ఆయన ఎవరినీ అడగలేదు.

మర్నాడు ఇంట్లో సూప్ కాచి తెచ్చాను. పక్కన కూర్చుని చెంచాతో నోటికి అందించాను. నోరు తెరిచాడు, మింగాడు, మళ్ళీ తెరిచాడు. జ్వరం తర్వాతి ఆ పాడు రోజుల్లో కూడా ఈ మనిషి నోట్లో ఏది పెట్టినా ఆగి, కళ్ళు మూసుకుని, నాలుకతో అటూ ఇటూ తిప్పి, "ఇదేమిటే?" అని అడిగేవాడు. కనుక్కోలేకపోతే తన మీద తనే విసుక్కునేవాడు. ఇప్పుడు అడుగుతాడేమోనని ప్రతి చెంచా దగ్గరా ఆగాను. కోడి, వెల్లుల్లి, కొంచెం మిరియం అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

గిన్నె ఖాళీ అయిపోయింది. అయిపోయిందండీ అని నేను చెప్పేదాకా ఆయన నోరు తెరుచుకునే ఉన్నాడు.